సకినాల ప్యాకెట్ మీద మోడర్న్ ఆర్ట్ నడుస్తుందా?

హన్మకొండ_వంటిల్లు: ఇంట్లోనే సకినాలు చేసి అమ్ముతున్నాం, ఇప్పుడు పౌచ్‌లు ప్రింట్ చేయించాలి. డిజైనర్ మోండ్రియాన్ అనే డచ్ చిత్రకారుడి టైపులో నల్ల గీతలు, ఎరుపు, పసుపు, నీలం గడులు వేసి పంపాడు. నాకు నచ్చింది గానీ అమ్మ మాత్రం పెయింట్ డబ్బాలా ఉందంటోంది. ఏం చేయమంటారు?

ప్రెస్_పనోడు: అమ్మ మాటలో పాయింట్ ఉంది. 1980ల్లో లోరియల్ వాళ్ల స్టూడియో లైన్ మీద ఆ గడులే బాగా నడిచాయి, కానీ అది జుట్టుకు రాసుకునేది, తినేదాని మీద అంత నీలం ఎందుకండీ. ప్రింటింగ్‌కైతే మంచిదే, గ్రావ్యూర్‌లో, అంటే చెక్కిన సిలిండర్లతో అచ్చేసే పద్ధతిలో, ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ కాబట్టి రంగులు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, పైగా రంగు కాస్త పక్కకు జరిగినా నల్ల గీత కప్పేస్తుంది. కొన్ని ప్యాకెట్లకే అయితే డిజిటల్ చాలు.

కాజీపేట_జంక్షన్: చుపా చుప్స్ లాలీపాప్ లోగో 1969లో వేసింది స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీనే, తెలుసా? పక్కన కాకుండా నెత్తిమీదే ఉండాలన్నాడట, ఎటు చూసినా పూర్తిగా కనపడేలా. మీరూ గడులు వదిలేసి సకినం చుట్లే పెద్దగా వేయించండి. పచ్చచుక్కకు, లైసెన్స్ నంబర్‌కు చోటు ముందే వదలండి, మళ్లీ టెన్షన్ ఉండదు.

హన్మకొండ_వంటిల్లు: నీలం తీసేయమన్నా. చుట్లు అమ్మకు తెగ నచ్చాయి, నువ్వులు కూడా కనపడాలంటోంది.