పాత విమానాన్ని ఓనర్ మెయింటెనెన్స్‌లోకి మార్చడం మంచిదేనా? (కెనడా)

మురళి, ఆల్బెర్టా

అందరికీ నమస్కారం. 1946లో తయారైన ఎరోంకా 7ఏసీ ఛాంపియన్ ఒకటి నాకు అమ్మకానికి వచ్చింది. ప్రస్తుతం అది మామూలు ఎయిర్‌వర్తినెస్ సర్టిఫికెట్‌తోనే (ఎగరడానికి యోగ్యమని ఇచ్చే పత్రం) ఎగురుతోంది. గుడ్డ తొడుగు, చెక్క స్పార్లు (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలాలు) బాగా తెలిసిన ఏఎంఈ (లైసెన్సు ఉన్న విమాన మరమ్మతు ఇంజనీరు) మా చుట్టుపక్కల దొరకడం కష్టంగా ఉంది కాబట్టి, కొన్న వెంటనే ఓనర్ మెయింటెనెన్స్‌కు (యజమానే మరమ్మతులు చేసి సంతకం పెట్టుకోగల కేటగిరీకి) మార్చుకుని వార్షిక తనిఖీ నేనే చేసుకోవాలన్న ఆలోచన ఉంది. ఇలా మార్చుకున్నవారు, ఆలోచించి మానుకున్నవారు తమ కారణాలు చెప్పగలరని మనవి.

శ్రీనివాస్, సస్కాచెవాన్

నా లస్కోంబ్ విమానం చాలా కాలంగా ఈ కేటగిరీలోనే ఉంది, నేను సంతృప్తిగానే ఉన్నాను. పని చేసినది నేనే, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేదీ నేనే కావడం వల్ల విమానంలో ప్రతి బోల్టూ నాకు తెలుసు. ఆమోదముద్ర ఉన్న విడిభాగమే వాడాలన్న నియమం లేదు కాబట్టి, తయారీ ఎప్పుడో ఆగిపోయిన భాగాల కోసం నెలల తరబడి వెతుకుతూ విమానాన్ని హ్యాంగర్‌లో నిలిపివేయాల్సిన అవసరం తప్పింది. డైనాన్ కంపెనీ డిజిటల్ తెరల వంటి ఆధునిక పరికరాలను కూడా ఎస్‌టీసీ (విమానంలో మార్పుకు ఇచ్చే ఆమోదపత్రం) లేకుండానే అమర్చుకోవచ్చు.

అయితే అన్నీ మన చేతిలోకి రావు. ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం), ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పరికరం) పరీక్షలను 24 నెలలకు ఒకసారి అధీకృత సంస్థ చేతనే చేయించాలి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ శాఖ ట్రాన్స్‌పోర్ట్ కెనడాకు ఏటా పంపే నివేదిక కూడా యథాతథంగా పంపవలసిందే.

పద్మజ, ఒంటారియో

నేను ఏఎంఈగా పనిచేస్తున్నాను. మురళి గారు, మీరు ఎంచుకున్న విమానం విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది దాని రెక్క. చెక్క స్పార్లున్న ఛాంపియన్ రకాలపై ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) తనిఖీ ఆదేశం ఉంది. ఓనర్ మెయింటెనెన్స్‌లో అటువంటి ఆదేశాలను (ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్‌లను) పాటించి తీరాలన్న చట్టపరమైన నిర్బంధం ఉండదు, కానీ ఆ ఆదేశానికి కారణమైన పగులుకు మీ కేటగిరీతో సంబంధం లేదు. ఎప్పుడో రెక్క కొన నేలకు తగిలినా, విమానం ముక్కు మీద బోల్తా పడినా, స్పార్‌లోని చెక్క పీచు నొక్కుకుపోయి, వెంట్రుకంత సన్నని గీత ఒకటి పీచుకు అడ్డంగా ఏర్పడుతుంది. స్ట్రట్ (రెక్కను మోసే వాలు కడ్డీ) కలిసేచోట ఉండే బలపరిచే పలక అంచున, రిబ్ (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పట్టీ) మేకుల దగ్గర, తనిఖీ రంధ్రంలోంచి అద్దమూ బలమైన లైటూ పెట్టి ఓపికగా వెతికితేనే అది కనిపిస్తుంది.

కంట్రోల్ కేబుళ్లూ అంతే. పుల్లీ మీద వంగేచోట నూలు గుడ్డతో తుడుస్తూ పోతే తెగిన పోగు గుడ్డను పట్టుకుంటుంది. లోపలి పోగులు తెగితే పైకి ఏమీ తెలియదు, కేబుల్‌ను విప్పి వంచి చూడాలి. ఈ పనులు ఎవరో ఒకరు పక్కన నిలబడి నేర్పకుండా పుస్తకం చూసి రావని నేను గట్టిగా నమ్ముతాను. సొంతంగా చేసుకునే హక్కుకు నేను వ్యతిరేకిని కాను. ఆ హక్కు తీసుకునే ముందు పని నేర్చుకోవాలన్నదే నా కోరిక.

ఇంకొక మార్గం కూడా ఉంది. మామూలు సర్టిఫికెట్‌లో ఉండగానే ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్‌లు శుభ్రం చేయడం వంటి ప్రాథమిక పనులను యజమాని చేసుకోవచ్చు. వార్షిక తనిఖీలో ప్యానెళ్లు విప్పడం, గ్రీజు పెట్టడం ఏఎంఈ పర్యవేక్షణలో మీరే చేస్తే బిల్లు గణనీయంగా తగ్గుతుంది.

రమణ, బ్రిటిష్ కొలంబియా

నేను పూర్తిగా ఆలోచించి మానుకున్నవాడిని. ఈ కేటగిరీలోకి వెళ్లడం సులభమే, తిరిగి రావడమే దాదాపు అసాధ్యం. మార్చేటప్పుడు విమానం, ఇంజన్, ప్రొపెల్లర్ డేటా ప్లేట్ల (మోడల్, సీరియల్ నంబర్ ఉండే రేకుల) మీద ఎక్స్ అక్షరాన్ని చెక్కాలి. ఆ గుర్తు పడిన ఇంజన్‌ను రేపు సర్టిఫైడ్ విమానంలో నేరుగా బిగించలేరు. ఈ విమానం అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడి లేదని తెలిపే హెచ్చరిక ఫలకాన్ని కాక్‌పిట్‌లో పెట్టాలి, అది ఊరికే పెట్టిన మాట కాదు. ఇంట్లో నిర్మించుకున్న కెనడా విమానాలకు అమెరికా గగనతలంలో ప్రత్యేక అనుమతి ఉండగా, ఓనర్ మెయింటెనెన్స్ విమానాలకు ఎఫ్‌ఏఏ ఏళ్ల తరబడి అటువంటి సౌకర్యం ఇవ్వలేదు. మా ఇంటి నుంచి సరిహద్దు కనిపించేంత దగ్గర, వాషింగ్టన్ రాష్ట్రంలో దగ్గరి బంధువులున్నారు, అందువల్ల నాకు ఈ ఒక్క కారణమే సరిపోయింది. అమ్మేటప్పుడు అమెరికా కొనుగోలుదారులు దూరమవుతారు కాబట్టి ధర కూడా తగ్గుతుంది.

శ్రీనివాస్, సస్కాచెవాన్

రమణ గారి మాట నిజం. నేను ప్రయరీలు (ఇక్కడి మైదాన రాష్ట్రాలు) దాటి వెళ్లను, అమ్మే ఉద్దేశం కూడా లేదు, అందుకే నాకు ఆ నష్టం పట్టింపులోకి రాలేదు. పద్మజ గారు చెప్పిన స్పార్ సంగతి చదివాక, మురళి గారు ముందు తనిఖీ చేయించి ఆ తర్వాతే కేటగిరీ గురించి ఆలోచించడం మేలనిపిస్తోంది.

మురళి, ఆల్బెర్టా

ధన్యవాదాలు. కొనక ముందే చెక్క రెక్కలు తెలిసిన ఏఎంఈని దూరం నుంచైనా రప్పించి స్పార్లు చూపిస్తాను. కొంటే మొదటి రెండు వార్షిక తనిఖీలు ఆయన పక్కన ఉండి చేస్తాను, అప్పటివరకు సర్టిఫికెట్ మార్చను. లాగ్‌బుక్‌లలో ముందుగా ఏం వెతకాలి?

పద్మజ, ఒంటారియో

రెక్క కొన వంపు, రిబ్‌లు, లిఫ్ట్ స్ట్రట్, ప్రొపెల్లర్‌లలో ఏది ఎప్పుడు మార్చారో చూడండి. ఒకే కాలంలో వీటిలో రెండు మారి ఉండి, కారణం రాయకపోతే, ఆ రెక్క నేలకు తగిలిందనే అనుకుని ఆ వైపు స్పార్‌ను మొదట చూడమని మీ ఏఎంఈకి చెప్పండి.