విజువల్ కే: ఈ ‘కే’ని తెలుగులో ఏమనాలి?

చర్చ మొదలుపెట్టిన సభ్యురాలు:

అందరికీ నమస్కారం. జపాను రాక్ సంగీతం మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో అడుగడుగునా ‘విజువల్ కెయ్’ అనే మాట తగులుతోంది. ముఖానికి రంగులు, నిండైన వేషంతో వేదిక ఎక్కే రాక్ బృందాలను కలిపి పిలిచే పేరు అది. నేను ‘దృశ్య శైలి సంగీతం’ అని రాసుకున్నాను. మళ్లీ చదివితే సినిమా ఛాయాగ్రహణం గురించి చెబుతున్నట్టుగా ఉంది. పైగా ఇది ఒక సంగీత శైలి పేరు కాదని ఆ వ్యాసంలోనే ఒకచోట ఉంది. శైలి కాని దాన్ని శైలి అని ఎలా రాయను? జపాను భాష తెలిసినవారు దారి చూపించగలరు.

జవాబు:

ముందు ఉచ్చారణ తేల్చుకుందామండీ. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మనవాళ్లు కెయ్ అని, కై అని, కీ అని తలో రకంగా పలుకుతున్నారు. జపానీయుల నోట అది శుభ్రంగా ‘కే’. మన ఏకారమే, దీర్ఘంతో. ఇంగ్లీషు లిపిలో ఎ, ఏ లకు వేరు వేరు గుర్తులు లేవు కాబట్టి ఆ తంటా వచ్చింది. జపాను భాషలోనూ మనకు లాగే హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా ఉంది. రెండక్షరాలూ మన దగ్గర ఉండగా ఇంగ్లీషు గుండా చుట్టు తిరిగి రావడం ఎందుకు? ‘విజువల్ కే’ అని రాయండి. మొదటి మాటను వాళ్లు ‘బిజుఅరు’ అన్నట్టుగా పలుకుతారు, ఆ భాషలో లకారం లేదు. దాన్ని మాత్రం మనకు అలవాటైన రూపంలో ఉంచుకోవచ్చు.

ఇక ‘కే’. ఉద్యోగం మీద కవాసాకిలో ఉన్నప్పుడు రాత్రిళ్లు గళ్ల పుస్తకంలో ఈ అక్షరాన్ని దిద్దాను. ఏడు గీతలు. కింద ఉన్న ఆరు గీతలూ కలిస్తే ‘దారం’ అని అర్థమిచ్చే అక్షరం. దాని నెత్తి మీద కుడి నుంచి ఎడమకు వాలుగా ఒక గీత. నూలు పోగును పైనుంచి పట్టుకుని కిందికి వదిలినట్టు కనిపిస్తుంది. ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని వచ్చేది, తెగకుండా సాగేది అని దాని భావం.

ఈ ఒక్క అక్షరం జపాను భాషలో ఎన్ని చోట్ల పనిచేస్తుందో చూడండి. సూర్యుడి పక్కన చేరిస్తే మన సౌర కుటుంబం. నాడుల పక్కన చేరిస్తే నాడీ వ్యవస్థ. ఇంటి పక్కన చేరిస్తే వంశం. జపాను పేరు పక్కన చేరిస్తే ‘నిక్కే’, అంటే బ్రెజిల్‌లోనో పెరూలోనో స్థిరపడిన జపాను సంతతి వారు. కాలేజీలో సైన్సు వైపు వెళ్లినవాళ్లు ‘రి కే’, సాహిత్యం, చరిత్ర వైపు వెళ్లినవాళ్లు ‘బున్ కే’. మనం కుటుంబం, వ్యవస్థ, వంశం, సంతతి, వైపు అని ఐదు మాటలు వాడే చోట వాళ్లకు ఒకటే మాట. వీటిలో ఎక్కడా ‘శైలి’ రాలేదు. మీ వ్యాసంలోని ఆ వాక్యం నూటికి నూరు పాళ్లు నిజం.

సంగీతంలో కూడా ఈ మాట విజువల్ కే ఒక్కదానికే పరిమితం కాదు. టోక్యోలోని షిబుయా ప్రాంతపు రికార్డు దుకాణాల చుట్టూ 1990ల్లో వినిపించిన పాప్ సంగీతానికి ‘షిబుయా కే’ అని పేరు. పిజ్జికాటో ఫైవ్ బృందం దానికి చెందినదే. వాళ్లను ఊరి పేరుతో పిలిస్తే, వీళ్లను చూపుతో పిలిచారు.

ఈ పేరు ఎలా పుట్టిందో కూడా వ్యాసంలో చేర్చండి. చిబా ప్రాంతంలోని తతెయామాలో చిన్నప్పటి నుంచి స్నేహితులైన యోషికి, తోషి కలిసి 1982లో ఎక్స్ అనే బృందం కట్టారు (తర్వాత ఎక్స్ జపాన్ అయింది). ఆకాశానికి నిలబెట్టిన జుట్టు, తెల్లని ముఖాలు, ఒంటి నిండా తోలు, పూసలు, జలతారు. 1989లో వచ్చిన వాళ్ల బ్లూ బ్లడ్ ఆల్బమ్ అట్ట మీద ‘సైకెడెలిక్ వయొలెన్స్ క్రైమ్ ఆఫ్ విజువల్ షాక్’ అని ఒక నినాదం ఉంది. 1990లో షాక్స్ అనే పత్రిక మొదలైంది. దాని వ్యవస్థాపక సంపాదకుడు హోషికో సెయిచి ఆ నినాదంలోని రెండు మాటలు తీసుకుని ‘విజువల్ షాక్ కే’ అన్నానని, అదే తర్వాత పొట్టిదై విజువల్ కే అయిందని చెప్పారు. అంతకు ముందు జనం వీళ్లను ‘ఒకెషో కే’ అనేవారు. కెషో అంటే ముఖానికి వేసుకునే రంగులు, అలంకారం. పాటను పక్కనపెట్టి ముఖాన్ని మాత్రమే చూసిన పేరు అది. హోషికో పెట్టిన పేరు వాళ్లను కాస్త గౌరవంగా చూసింది.

పాటల సంగతికి వస్తే ఈ బృందాలకు పొంతనే ఉండదు. ఎక్స్ వాయించేది పరుగులు తీసే మెటల్, మధ్యలో పియానో మీద నెమ్మదైన విషాద గీతం. మాలిస్ మిజెర్‌లో చర్చి ఆర్గాన్, తీగవాద్యాలు, ఫ్రెంచి మాటలు. షాజ్నా పాటలు తేలికైన పాప్. దిర్ అన్ గ్రే కాలం గడిచేకొద్దీ గొంతు చించుకునే బరువైన సంగీతం వైపు వెళ్లింది. కళ్లు మూసుకుని వింటే ఈ నలుగురినీ ఒక ఇంటి పేరుతో పిలవాలని ఎవరికీ తోచదు.

మరి వీళ్లను కలిపే దారం ఏది? యోషికి 1986లో ఎక్స్‌టసీ రికార్డ్స్ పెట్టాడు. లూనా సీ తొలి ఆల్బమ్ 1991లో ఆ సంస్థ నుంచే వచ్చింది, గ్లే తొలి ఆల్బమ్ 1994లో అక్కడి నుంచే. 1999లో దిర్ అన్ గ్రే పెద్ద కంపెనీ గడప తొక్కినప్పుడు ఆ సింగిల్స్‌కు నిర్మాత యోషికియే. పెద్ద బృందం వెంట సామాను మోసి, గిటార్లు శ్రుతి చేసిపెట్టిన కుర్రవాడు నాలుగేళ్లు తిరిగేసరికి సొంత బృందం కట్టుకోవడం అక్కడ మామూలు విషయం. అవే హాళ్లు, అవే పత్రికలు, ఒకే అభిమానులు. ‘నువ్వు ఎవరి తరువాత వచ్చినవాడివి’ అన్న ప్రశ్నకు జవాబు ఉన్నవాళ్లు ఈ ‘కే’లోని వాళ్లు.

అందుకే నా ఓటు ‘కోవ’కు. ‘ఈ కోవకు చెందిన కథలు’, ‘అదే కోవలో మరొకటి’ అని మనం రోజూ అంటున్నాం. వరుస అని, వంశం అని రెండు అర్థాలూ దానికి ఉన్నాయి. తమిళంలో ‘కోవై’ అంటే పూసలు గుచ్చిన దండ, ‘కో’ అంటే గుచ్చడం. అంటే మన మాట లోపల కూడా ఒక దారం ఉంది! జపాను అక్షరంలో కంటికి కనిపించే పోగు, మన మాటలో మూలంలో దాగి ఉంది. ఇది తోచిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది.

సమూహంలోని ఒక విశ్రాంత అధ్యాపకులు:

నాయనా, వివరణ బాగుంది. కాని ‘దృశ్య కోవ’ అంటే సంస్కృతం పక్కన దేశ్యం. పాతవాళ్లు వైరి సమాసం అనేవారు, నా చెవికీ పొసగడం లేదు. నేను మరొక మాట సూచిస్తాను. నాట్యశాస్త్రంలో నాలుగు అభినయాలు ఉన్నాయి కదా: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. వేషం, రంగులు, నగలు, జుట్టు ఇవన్నీ ఆహార్యం కిందికి వస్తాయి. కాబట్టి ‘ఆహార్య సంగీతం’ అంటే ఏమి లోటు? కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు స్త్రీ వేషం కట్టి ఆడిన సత్యభామను కళ్లారా చూసినవాణ్ని. జడ పట్టుకుని నిలబడితే చాలు, పాట ఇంకా మొదలు కాకుండానే సగం కథ అయిపోయేది. మీ జపాను కుర్రవాళ్లు చేస్తున్నదీ అదే అనిపిస్తోంది.

జవాబు:

మాస్టారూ, మీరు ఆ పోలిక తేవడం నాకు ఎంతో నచ్చింది. మాలిస్ మిజెర్‌లో మానా అనే గిటారిస్టు ఉండేవాడు. నిండుగా స్త్రీ వేషం, కుచ్చుల గౌను, నీలి పెదవులు. కబుకీ నాటకాల్లో స్త్రీ పాత్రలు వేసే పురుషులను ‘ఒన్నగతా’ అంటారు, అభిమానులు మానాను అలాగే చెప్పుకొనేవారు. జపానులో 1629లో స్త్రీలు కబుకీ వేదిక ఎక్కకుండా నిషేధం వచ్చాక బలపడిన కళ అది. మానా బహిరంగంగా నోరు విప్పి మాట్లాడేవాడు కాదు. టీవీలో ప్రశ్న అడిగితే పక్కనున్న సహచరుడి చెవిలో చెప్పేవాడు, సహచరుడు పైకి చెప్పేవాడు. వాచికాన్ని పూర్తిగా వదిలేసి ఆహార్యంతోనే బతికిన పాత్ర. అతని గురించి రాసేటప్పుడు మీ మాటకు మించినది లేదు.

అయినా మొత్తం కోవకు ఆ పేరు పెట్టలేమని నా మనవి. ఆహార్యం మారిపోయినా కొందరిని ఈ లెక్కలోనే ఉంచుతారు. లూనా సీ పెద్దదయ్యేకొద్దీ రంగులు తగ్గించుకుంది. అలా తగ్గించుకున్నవాళ్లకు ‘సాఫ్ట్ విజువల్ కే’ అని ఇంకొక పేరు వచ్చింది తప్ప కోవ నుంచి పేరు కొట్టేయలేదు. ఇష్టం లేనివాళ్లకూ ఇది అంటుకుంటుంది. 1999లో ఒక టీవీ కార్యక్రమంలో లార్క్ అన్ సియెల్ బృందాన్ని విజువల్ కే అన్నందుకు బాసిస్టు తెత్సుయా నొచ్చుకున్నాడు, వాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు. వేసుకున్న చొక్కా నచ్చకపోతే విప్పేయవచ్చు, వంశం పేరు అంటగడితేనే మనిషికి అంత కోపం వస్తుంది.

వైరి సమాసం గురించి ఒక చిన్న మాట. జపాను పదం కూడా అతుకే. ‘విజువల్’ ఇంగ్లీషు నుంచి, ‘కే’ చైనా నుంచి వచ్చాయి. మనకు సంస్కృత తత్సమాలు ఎలాగో వాళ్లకు చైనా మాటలు అలాగ. అచ్చ జపాను ముక్క ఆ పేరులో ఒక్కటీ లేదు. మనమూ సినిమా పాట, రైలుబండి అంటున్నాం, ఎవరికీ పంటి కింద రాయిలా తగలడం లేదు. అందుకని ‘దృశ్య’ను వదిలేద్దాం. ‘విజువల్ కోవ’ అంటే వాళ్ల పేరు కట్టుబడి కూడా దక్కుతుంది. ‘ఘరానా’ అని ఎవరైనా సూచిస్తారేమోనని ముందే చెబుతున్నాను: హిందుస్తానీ సంగీతంలో అది చక్కని మాటే, తెలుగులో మాత్రం ఘరానా దొంగ గుర్తుకు వస్తాడు.

ఒసాకాలో చదువుకుంటున్న సభ్యురాలు:

అన్నయ్యా, బృందాల గురించే చెప్పారు, కింద నిలబడే మా గురించి చెప్పలేదు! ఈ కోవను నిలబెట్టింది అభిమానులే, వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. మమ్మల్ని ‘బంగ్యా’ అంటారు, బ్యాండ్ గాళ్ అన్న మాట అరిగి అలా అయింది. ఒకే సాయంత్రం ఐదారు బృందాలు వాయించే చిన్న హాలుకు వెళ్తే తలుపు దగ్గర టికెట్టు చూసేవాళ్లు ‘ఈరోజు ఎవరి కోసం వచ్చారు?’ అని అడుగుతారు. మనం చెప్పిన బృందం పేరు పక్కన ఒక గీత గీస్తారు. మొదటిసారి నాకు అర్థం కాక ‘అందరి కోసం’ అన్నాను. వెనకున్న అమ్మాయి మెల్లగా, ఒక పేరు చెప్పమంది. ఆ గీతలను బట్టే ఆ రాత్రి ఎవరు ఎంతమందిని తెచ్చారో లెక్క. చాలాచోట్ల బృందం ఇన్ని టికెట్లు అమ్మాలని ముందే ఒప్పందం ఉంటుంది. దాన్ని ‘నోరుమా’ అంటారు, అది రష్యన్ నుంచి వచ్చిన మాటట.

లోపల ఇంకొక మాట నేర్చుకున్నాను, తెలుగు చేయడం నాకు చేతకాలేదు. పాటలో గిటారు ముందుకు వచ్చే చోట, వాద్యగాడు వేదిక అంచుకు రాగానే, మా వరుసలన్నీ రెండు చేతులూ గుండెల దగ్గరనుంచి అతనివైపు చాచి వేళ్లు విప్పుతాయి. దీన్ని ‘సకు’ అంటారు. పువ్వులకు వాడే క్రియ అది. ‘రెండో చరణం తర్వాత సకు’ అని ముందే మాట్లాడుకుంటారు. దీన్ని ఏమనాలి?

విశ్రాంత అధ్యాపకులు:

అమ్మా, ‘పూయడం’ అంటే చెట్టుకు. నువ్వు చెప్పినది చూస్తే చేతులు మొగ్గలా ఉండి విప్పారుతున్నాయి. ‘విరియడం’ అను. ‘రెండో చరణం తర్వాత విరియాలి’. ఎలా ఉంది?

ఒసాకా సభ్యురాలు:

చాలా బాగుంది మాస్టారూ. వచ్చే వారం ఇక్కడి స్నేహితురాలికి ఈ మాట పలకడం నేర్పుతాను. ‘వి’ దగ్గరే తడబడుతుంది, ‘బిరియాలి’ అంటుందేమో.

జవాబు:

అది వదలవద్దు తల్లీ, వ్యాసంలో ఉండాల్సిన మాట. ఇంకొకటి కూడా చెప్పు అనువాదకురాలికి: ఈ కోవ లోపల మళ్లీ చిన్న కోవలు ఉన్నాయి. కురోయుమె వంటి బృందాలు ఎదిగిన ఊరు పేరుతో ‘నాగోయా కే’. ముదురు రంగులు, బరువైన పాతకాలపు అలంకారం ఉంటే ‘కొతె కే’. 2000ల్లో ఆన్ కెఫె లాంటి బృందాలు ముద్దొచ్చే రంగుల బట్టలతో వస్తే ‘ఒషారె కే’. పెద్ద పోగును విప్పితే చిన్న పోగులు.

చర్చ మొదలుపెట్టిన సభ్యురాలు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొదటి పేరా ఇలా మార్చాను, తప్పులుంటే దిద్దండి:

‘జపాను రాక్ సంగీతంలో విజువల్ కే అనే ఒక కోవ ఉంది. ఈ కోవలోని బృందాల పాటలు ఒకదానితో ఒకటి పోలవు. 1980ల్లో ఎక్స్ మొదలుపెట్టిన నిండైన ఆహార్యం, ఒక బృందం చేయి పట్టుకుని ఇంకొక బృందం వేదిక ఎక్కడం, వాద్యగాడు అంచుకు రాగానే అతనివైపు విరిసే వందల చేతులు వీటిని ఒక దారాన గుచ్చుతాయి.’

విశ్రాంత అధ్యాపకులు:

‘దారాన’ బాగుంది. ‘వీటిని’ అన్నది బృందాలకా, చేతులకా? ‘ఈ బృందాలను’ అని మార్చండి, మిగతాది అలాగే ఉంచండి.