డక్టులు ఏటా కడిగించాలా? కొటేషన్ చూసి కళ్లు తిరిగాయి

పెరుంగుడి అల్లుడు:
రెండేళ్ల క్రితం కొన్న ఫ్లాట్. పాత యజమాని ఫాల్స్ సీలింగ్ వెనక డక్టు ఏసీ, అంటే పెద్ద గొట్టాల (డక్టుల) గుండా గదులకు చల్లగాలి పంపేది, పెట్టించుకున్నారు. మొన్న సర్వీసుకు వచ్చినతను గాలి వచ్చే గ్రిల్లు చుట్టూ పేరుకున్న మసి చూపించి, "లోపలంతా ఇంతే సార్, ఏటా కడిగించకపోతే పిల్లలకు ఉబ్బసం" అన్నాడు. కొటేషన్ 38,000. ఏసీ వేసిన కొత్తలో పది నిమిషాలు ముక్క వాసన వస్తున్న మాట నిజమే. మావాడు పొద్దున లేస్తూనే తుమ్ముతాడు. "డబ్బు ముఖ్యమా, పిల్లవాడా?" అంటున్నారు అత్తగారు. ఆ ప్రశ్నకు జవాబుండదు కదా! అనుభవం ఉన్నవారు చెప్పండి.

కోడంబాక్కం మెకానిక్:
ఇరవై ఏళ్లుగా నాది ఇదే పని. అడ్వాన్సు ఇవ్వకండి.

గది గాలి ముందు ఫిల్టరులోకి, తర్వాత గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అదే కాయిల్, మీదికి, ఆ తర్వాతే డక్టులోకి వెళ్తుంది. తడిసేది కాయిల్, దాని కింది ట్రే. చెన్నైలో చల్లనీళ్ల గ్లాసు బల్ల మీద పెడితే నిమిషంలో చుట్టూ మడుగు కడుతుంది. ఇక్కడి కాయిల్ మీద ఎంత నీరు కారుతుందో ఊహించుకోండి. ఫిల్టరును తప్పించుకున్న దుమ్ము ఆ తడికి అంటుకుని పాకుడు పడుతుంది. ట్రేకు వాటం లేకపోయినా, డ్రెయిన్ పైపుకు నీళ్లు నిలిచే U ఆకారపు వంపు పెట్టకపోయినా, బ్లోయర్ (లోపలి ఫ్యాను) గాలిని లాగే ఊపుకు నీళ్లు దిగకుండా నిలిచిపోతాయి. మీ ముక్క వాసన చాలావరకు అక్కడిదే.

ఇక ఆ మసి. ఇంట్లో సాంబ్రాణి వేస్తారా? చల్లబడిన గ్రిల్లు అంచు చెమరుస్తుంది, గదిలోని పొగ, దుమ్ము దానికి పట్టుకుంటాయి. తడిగుడ్డతో పోతుంది. డక్టులు కడిగితే జబ్బులు రావని ఇంతవరకు రుజువు కాలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ కూడా చెబుతోంది.

అంబత్తూరు అడ్మిన్:
ఒప్పుకోను. మా ఆఫీసులో జిప్సం గోడలు కొట్టి కొత్తవి కట్టేటప్పుడు ఏసీ ఆపలేదు. తర్వాత మూడు నెలలు ప్రతి సోమవారం బల్లల మీద తెల్లటి పొడి. ఫిల్టర్లు మార్చాం, కాయిల్ కడిగించాం, పొడి ఆగలేదు. చివరికి డక్టులకు పెద్ద వాక్యూమ్ బిగించి, లోపల బ్రష్ తిప్పి లాగించాం. రెండు గోనెసంచులు నిండాయి. ఒకచోట ఎండిపోయిన ఎలుక కూడా దొరికింది. "అవసరం లేదు" అని ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక.

కోడంబాక్కం మెకానిక్:
అమ్మా, నేను ఇంట్లో కూర్చోలేదు, ఇప్పుడే సైదాపేటలో నిచ్చెన దిగాను. లోపల కంటికి కనిపించే బూజు, ఎలుకలు పురుగులు, గ్రిల్లులోంచి గదిలోకి రాలే దుమ్ము. ఈ మూడింటిలో ఏది ఉన్నా చేయించమనే ఈపీఏ చెబుతుంది. మీకు రెండు ఉన్నాయి, చేయించి మంచిపని చేశారు. నా గొడవ "ఏటా" అన్న మాటతో. డక్టులు శుభ్రం చేసేవాళ్ల సంఘమే, అదీ అమెరికాలోది, మూడు నుంచి ఐదేళ్లకు ఒకసారి అంటుంది. అమ్ముకునేవాడి కంటే కొనేవాడికి ఆత్రం ఎందుకు?

ఇంకొకటి. ఇళ్లలో చాలాచోట్ల మెత్తటి ఫ్లెక్సిబుల్ డక్టు వేస్తారు. అందులో బ్రష్ తిప్పితే చిరిగిపోవచ్చు. డక్టు లోపలి గ్లాస్‌వూల్ (గాజు దూది పొర) తడిసి బూజు పట్టిందంటే ఏ బ్రష్షూ పనికిరాదు, ఆ ముక్క మార్చాల్సిందే. చివర్లో మందు పొగ కొడతామంటే వద్దనండి. ఆ మందు మీ పిల్లవాడే పీల్చాలి.

చూళైమేడు అమ్మ:
మా పాపకు ఉబ్బసం. పోయిన ఏడాది డక్టులు చేయించాక రాత్రి దగ్గు తగ్గింది. మీ ఈపీఏ మా ఇంటికి వచ్చి చూసిందా?

కోడంబాక్కం మెకానిక్:
పాప కుదుటపడితే అంతకన్నా కావలసింది లేదమ్మా. ఆ రోజే ఫిల్టరు కూడా మార్చారా?

చూళైమేడు అమ్మ:
మార్చారు. కాయిల్ కూడా కడిగారు. అయితే ఏమిటి?

అంబత్తూరు అడ్మిన్:
అయితే దేనివల్ల తగ్గిందో చెప్పలేం అంటున్నారు ఆయన. ఈ ఒక్కచోట నేను ఆయన పక్షమే.

పెరుంగుడి అల్లుడు:
ఆదివారం వేరే మనిషిని పిలిచి మూత తీయించాను. ఫిల్టరు కొలత తప్పు, రెండు పక్కలా వేలు దూరేంత సందు. ట్రేలో జిగటగా పాకుడు. డక్టులో టార్చి వేసి చూస్తే, మా పుస్తకాల అలమర మీద ఉన్నంత దుమ్మే. కాయిల్, ట్రే కడిగించి, సరైన ఫిల్టరు వేయించాను. మొత్తం 4,500. ముక్క వాసన పోయింది. తుమ్ములు మాత్రం పోలేదు. గాలి వెనక్కి రావడానికి విడిగా డక్టు లేదట, ఫాల్స్ సీలింగ్ పైభాగం గుండానే వస్తుందట. అక్కడ పాత సిమెంటు పొడి పరుచుకుని ఉంది.

అంబత్తూరు అడ్మిన్:
మరి అదే కదా మీ డక్టు! ఆ పొడి ఎత్తించండి ముందు.

కోడంబాక్కం మెకానిక్:
ఈ ఒక్కచోట నేను ఆవిడ పక్షం. ఏసీ ఆపి, గ్రిల్లులకు ప్లాస్టిక్ కాగితం అంటించాకే ఎత్తించండి.