ఈమధ్య పోయిన పాతతరం సంగీతకారుల్లో మీకు ఎవరు లేని లోటు బాగా తెలుస్తోంది?

పాతక్యాసెట్:
పోయిన వారం అమ్మతో ఒంగోలు నుంచి హైదరాబాద్ వస్తున్నాను, రాత్రి బస్సు. డ్రైవరు 'ఎన్నెన్నో జన్మల బంధం' పెట్టాడు. నిద్రపోయిందనుకున్న అమ్మ కళ్లు తెరవకుండానే "పాడిన ఇద్దరూ లేరు కదరా" అంది. నిజమే, బాలు గారు 2020 సెప్టెంబరు 25న, వాణీ జయరామ్ గారు 2023 ఫిబ్రవరి 4న పోయారు. ఇంటికొచ్చి చూస్తే, ఆ ట్యూన్ కట్టిన రాజన్-నాగేంద్ర అన్నదమ్ముల్లో రాజన్ గారు కూడా బాలు గారు పోయిన రెండు వారాలకే పోయారట, ఇన్నాళ్లూ నాకు ఆ సంగతే తెలియదు. చాలా బాధేసింది. ఫోన్లో పాట పెడితే హీరో బొమ్మ వస్తుంది, సంగీతం ఎవరో మనమే వెతుక్కోవాలి. రేడియోలో అయితే గానం, రచన, సంగీతం అన్నీ చెప్పాకే పాట వేసేవాళ్లు, ఈ పాట రాసిన దాశరథి గారి పేరు మా అమ్మకి అలా తెలిసిందే. ఇలాంటి పేర్లు రాసిపెట్టడానికి ఆవిడ కోసం ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. మీరూ చెప్పండి, ఏదైనా ఒక్క పాట పట్టుకుని.

గోదారిగట్టు:
నాకైతే వాణీ జయరామ్ గారే. 'స్వాతికిరణం'లో 'ఆనతినీయరా' మళ్లీ ఒకసారి వినండి. తెర మీద పాడేది చిన్న పిల్లాడు, ఆవిడకి అప్పటికి నలభై ఐదు దాటాయి. గొంతు సన్నం చేసి పిల్లాడిలా పాడాలని చూడలేదు, ఉన్న గొంతులోంచే బరువు తీసేశారు. నేను పిల్లలకి సంగీతం చెబుతాను, ఆ పాట నేర్పమని వచ్చేవాళ్లు సంగతులు పట్టుకుంటారు గానీ ఆ తేలిక మాత్రం రాదు. పుట్టింది వెల్లూరులో అయినా ఆవిడకొచ్చిన మూడు జాతీయ అవార్డుల్లో రెండు మన తెలుగు సినిమాలకే, 'శంకరాభరణం', 'స్వాతికిరణం'. ఆ రెండూ తీసిన విశ్వనాథ్ గారు ఫిబ్రవరి 2న పోయారు, ఆ దుఃఖంలో ఉండగానే 4న ఈవిడ. అప్పటికి పద్మభూషణ్ ప్రకటించి పది రోజులే, అందుకోకుండానే వెళ్లిపోయారు. 'ఆనతినీయరా' రాసిన సిరివెన్నెల గారు 2021 నవంబరులోనే పోయారు, ఆయన పేరు కూడా పక్కన రాయండి.

బెజవాడ_కీబోర్డు:
రాజ్ గారు. రాజ్-కోటిలో రాజ్. 2023 మే 21న పోయారు. ఈయన టి.వి. రాజు గారి అబ్బాయి, కోటి గారేమో సాలూరి రాజేశ్వరరావు గారి అబ్బాయి. తొంభైల్లో దసరా పందిళ్లలో ఆర్కెస్ట్రాకి కీబోర్డు వాయించేవాణ్ణి, 'హలో బ్రదర్' పాట లేకుండా ప్రోగ్రాం అయ్యేదే కాదు. వినడానికి సరదాగా ఉంటాయి, వాయించబోతే తెలుస్తుంది. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్టు కోసం క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి, టేపు సాగిపోయేదాకా విని రాసుకునేవాళ్లం, అయినా ఒక్క నోటు తప్పితే ముందు కూర్చున్న కుర్రాళ్లు పట్టేసేవాళ్లు. రెహమాన్ గారు కూడా సంగీత దర్శకుడు కాకముందు వీళ్ల దగ్గర కీబోర్డు వాయించినవారే. కోటి గారితో విడిపోయాక రాజ్ గారు ఒక్కరే చేసిన 'సిసింద్రీ'ని మాత్రం పెద్దగా ఎవరూ తలుచుకోరు, అదే నా బాధ. ఆయన పోయిన రోజు మా పాత ట్రూపులో డ్రమ్స్ వాయించినాయనకి ఫోన్ చేశాను. ఇద్దరికీ మాట రాలేదు. అటు పక్క నుంచి బల్ల మీద వేళ్లతో దరువు వినపడుతోంది, 'హలో బ్రదర్' పాటదే.

నాగావళి:
సినిమా వాళ్లతోనే ఆపకు తమ్ముడూ, ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు గారిని కూడా రాసుకో. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో పోయారు, కరోనా రోజులు, మాకు వెళ్లి చూసే వీలు కూడా లేకపోయింది. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' ఆయన పాటే. చిన్నప్పుడు మా ఊరి బడి ముందు పాడుతుంటే చూశాను, కాలికి గజ్జెలు, మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోయినా ఆయన ఆగలేదు, వెనక నిలబడ్డ మాకు గజ్జెల చప్పుడుతో సహా వినపడింది. మూడేళ్లకి మళ్లీ అదే ఆగస్టులో, 6వ తేదీన గద్దర్ గారు.

పాతక్యాసెట్:
అందరికీ థాంక్స్. ఇప్పుడే అన్నీ అమ్మకి చదివి వినిపించాను. రాజ్ గారంటే ఎవరో తెలియదంది గానీ టి.వి. రాజు గారబ్బాయి అనగానే లేచి కూర్చుని "ఎన్టీఆర్ సినిమాలకి చేసేవారు, ఆయన కొడుకా" అని, నోట్‌బుక్ తీసుకుని తండ్రి పేరు కూడా పక్కన తనే రాసుకుంది. వంగపండు గారి పాట వినాలట, వెతుకుతున్నాను.