వీ-క్రాస్ మూతి వాలింది, రెండంగుళాలు లేపాలి: స్పేసర్లా, స్ప్రింగులా?

అశ్వారావుపేట_తోట

అన్నలకు నమస్కారం. నాది 2021 ఇసుజు డీమ్యాక్స్ వీ-క్రాస్, ఫోర్ బై ఫోర్. అశ్వారావుపేట దగ్గర మాకు పామాయిల్ తోట ఉంది, బండి ఎక్కువగా తిరిగేది తోటలోనే. వానాకాలంలో ట్రాక్టర్లు తిరిగి జాడలు లోతుగా పడతాయి, నడిమి గడ్డ బండి కింద గీసుకుంటోంది. ముందు ఇనుప గార్డు, దానికి విన్చి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) పెట్టించినప్పటి నుంచి మూతి కూడా కిందికి వాలింది. ఒక షాపులో అడిగితే ముందు స్పేసర్లు, వెనక యాక్సిల్ మీద బ్లాకులు పెట్టి రెండంగుళాలు లేపుతాం, సాయంత్రానికి బండి ఇచ్చేస్తాం అన్నారు. స్ప్రింగులు, షాక్‌లు కలిపిన కిట్ అయితే దానికి ఎన్నో రెట్లు అవుతోంది. అంత తేడా ఎందుకు? చేయించుకున్నవాళ్ళు చెప్పండి.

ఖమ్మం_పికప్

నేను ముందు స్పేసర్లే వేయించాను బ్రో. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు, చూడ్డానికి కూడా బాగుంది. అలైన్‌మెంట్ మాత్రం తప్పకుండా చేయించు.

బెజవాడ_కమాన్లు

తమ్ముడూ, డబ్బు కట్టే ముందు బండి కిందికి దూరి, తగులుతున్నది ఏదో చూడు. గీతలు వెనక హౌసింగ్ (యాక్సిల్ గొట్టం, దాని మధ్య గుండు) మీద ఉన్నాయా, ముందు స్కిడ్ ప్లేటు (అడుగున కాపలా రేకు) మీదా, పక్క మెట్ల కిందా? నీ డబ్బంతా ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది. వెనక యాక్సిల్ బరువు నేరుగా చక్రాల మీదే ఉంటుంది. కమాన్లు (వెనక ఉండే పట్టీల స్ప్రింగులు) ఎంత లేపినా ఛాసీ లేస్తుంది గానీ హౌసింగ్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 255/60 ఆర్18 తీసి 265/60 వేసినా హౌసింగ్ లేచేది 6 మిల్లీమీటర్లు. ముందు సంగతి వేరు. అక్కడ డిఫరెన్షియల్ ఛాసీకే బిగించి ఉంటుంది కాబట్టి బండితో పాటు లేస్తుంది.

తర్వాత కొలత. నేల నుంచి కొలవకు, టైరులో గాలి తగ్గినా, టైరు అరిగినా లెక్క మారిపోతుంది. చదునైన చోట ఆపి, చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టు, నాలుగు చక్రాలకీ. గార్డు, విన్చి ఉండగా ఒకసారి, తీసేసి ఒకసారి. మూతి వాలిందని మా దగ్గరికి వచ్చే బళ్ళలో చాలావాటికి స్ప్రింగు బాగానే ఉంటుంది, బరువే ఎక్కువ. పైగా ఆ గార్డులు తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఎదుటి మనిషికీ ప్రమాదం, లోపల కూర్చున్నవాళ్ళకీ ప్రమాదం.

స్పేసర్ అంటే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసి ఉండే భాగం) నెత్తికీ ఛాసీ టవరుకీ మధ్య పెట్టే బిళ్ళ. స్ట్రట్ కింది చివర లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసీకి కలిపే కింది చెయ్యి) మధ్యలో బిగిసి ఉంటుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది. అందుకే అంగుళం బిళ్ళ పెడితే చక్రం దగ్గర ఇంచుమించు రెండంగుళాలు లేస్తుంది. స్ప్రింగు అదే, షాక్ అదే, కాబట్టి తారు రోడ్డు మీద ఏమీ తెలియదు. ఖమ్మం తమ్ముడు చెప్పింది నిజమే. చక్రం గోతిలోకి పూర్తిగా దిగినప్పుడే అసలు సంగతి. కంపెనీ ఎక్కడ ఆగాలని పెట్టిందో అక్కడ ఆగకుండా చక్రం ఇంకా కిందికి పోతుంది. సీవీ జాయింటు (ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టు కీలు) వంపు పెరుగుతుంది, పై బాల్ జాయింటు చివరికంటా వంగుతుంది, అప్పర్ ఆర్మ్ వెళ్ళి స్ప్రింగుకి రాసుకోవచ్చు. నీ తోటలో నేల అలాంటిదే కదా. ఇలాంటి బళ్ళు లిఫ్టు మీదికి ఎక్కించి చూస్తే సీవీ బూటు (ఆ కీలు మీది రబ్బరు తొడుగు) మడతల్లో చిరిగి, గ్రీజు చక్రం లోపలివైపు చుట్టూ చిమ్మి, దాని మీద మట్టి అట్టకట్టి కనిపిస్తుంది. బూటు చిరిగిన రోజే చూసుకుంటే చిన్న ఖర్చుతో పోతుంది. ఇసుక లోపలికి పోయిందా, జాయింటే మార్చాలి.

స్ప్రింగు మార్చడమంటే మూతి మీద ఎప్పుడూ ఉండే బరువుకి తగ్గది వెయ్యడం. ఓల్డ్ మ్యాన్ ఈము లాంటి కంపెనీలు ఒకే బండికి మామూలు బంపరుకి ఒక స్ప్రింగు, గార్డు-విన్చి ఉన్నదానికి ఇంకో స్ప్రింగు అమ్మేది అందుకే. బరువు స్ప్రింగు తెచ్చి ఖాళీ మూతికి వేశావంటే బండి ప్రతి గతుకులోనూ కొడుతుంది.

ఇక వెనక. ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువే చెబుతా. కమానుకీ యాక్సిల్‌కీ మధ్య బ్లాకు పెడితే, బురదలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ మెలితిరిగే బలం పెరుగుతుంది, పట్టీలు అటూ ఇటూ వంకర తిరుగుతాయి. బ్లాకు ఎంత ఎత్తయితే అంత ఎక్కువ. షాకిల్ (కమాను చివరను ఛాసీకి వేలాడదీసే లింకు) పొడుగుది వేస్తామంటారు కొందరు. రెండంగుళాల పొడుగు పెంచితే లేచేది అంగుళమే, పైగా హౌసింగ్ మూతి తిరిగి జాయింటు షాఫ్టు కోణం మారుతుంది, వణుకు మొదలవుతుంది. పాత పట్టీని కొలిమిలో కాల్చి వంపు పెట్టి ఇస్తామనే వాళ్ళూ ఉన్నారు. కాల్చాక మళ్ళీ పద్ధతి ప్రకారం ఉక్కుకి గట్టిదనం తెప్పించకపోతే ఆ పట్టీ కొద్ది కాలానికే చదునైపోతుంది, లేదా సెంటర్ బోల్టు దగ్గర విరుగుతుంది. మా నాన్న పట్టీని చల్లగానే ఉంచి, సుత్తితో అంగుళం అంగుళం జరుపుతూ వంపు తెచ్చేవాడు. పని నెమ్మది, కానీ ఆ వంపు నిలబడేది. నిజంగా బరువు మోయాలంటే ఒక పట్టీ కలపడం మంచిది. ఏది చేసినా కమానుని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవే అడుగు, సాగిన బోల్టు మళ్ళీ పట్టు ఇవ్వదు.

అసలు నీకు వెనక లేపాల్సిన పని ఉందా? పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక కాస్త ఎత్తుగా ఉండేలా కంపెనీయే పెడుతుంది, సరుకు వేస్తే సమానం కావాలని. తోటలో డీఏపీ బస్తాలు ఉంటాయి కదా, ఒక్కోటి 50 కేజీలు. నాలుగు బస్తాలు సరిగ్గా యాక్సిల్ పైన వచ్చేలా వేసి ఎంత దిగిందో కొలిచి ఇక్కడ రాయి.

ఆర్టీఏ_పనులు

ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదు. కేరళ నుంచి వెళ్ళిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. ఏ భాగం వేయించినా ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో రాతపూర్వకంగా అడగండి.

షార్లెట్_టకోమా

ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినాలో ముందు ఫెండర్ వెనకదాని కంటే 4 అంగుళాలు లేదా ఆపైన ఎత్తు ఉండేలా మార్చడాన్ని 2021 డిసెంబరు నుంచి నిషేధించారు. మూతి పైకెత్తితే డ్రైవరుకి ముందున్న రోడ్డు కనపడదు, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడతాయి. నా టకోమా పికప్‌కి ముందు బిల్‌స్టీన్ 5100 షాక్‌లు వేశాను. దాని ఒంటి మీద గాళ్ళు ఉంటాయి, రింగు ఏ గాడిలో పెడితే స్ప్రింగు అంత ఎత్తులో కూర్చుంటుంది. నేను కింద నుంచి రెండో గాడిలో ఆపాను, లైట్లు అదే రోజు సరిచేయించాను.

అశ్వారావుపేట_తోట

కమాన్ల అన్నా, చూశాను. హౌసింగ్ మీద ఒక్క గీత లేదు. ముందు స్కిడ్ ప్లేటు మీద ఉన్నాయి, పక్క మెట్లు అయితే కింద పూర్తిగా నలిగాయి. గార్డు, విన్చి విప్పితే ముందు 18 మిల్లీమీటర్లు లేచింది. నాలుగు బస్తాలకి వెనక 30 దిగింది, అయినా ముందుకంటే ఎత్తుగానే ఉంది.

బెజవాడ_కమాన్లు

అయితే వెనక ముట్టుకోవద్దు, నీ కమాన్లు బాగున్నాయి. గార్డు మళ్ళీ బిగించకు, విన్చిని ట్రాక్టరుకి పెట్టుకో. పక్క మెట్లు విప్పెయ్, సగం తగులుడు అక్కడే పోతుంది. ఈ వానలకి అలాగే తిప్పి చూడు. ఇంకా స్కిడ్ ప్లేటు తగులుతుంటే, ఆర్టీఏ తమ్ముడు చెప్పినట్టు ముందే అడిగి, మామూలు బంపరుకి ఇచ్చే స్ప్రింగులు, వాటికి సరిపోయే షాక్‌లు వేయించు. అంగుళం చాలు, రెండు వద్దు.

వేయించేటప్పుడు పక్కనే నిలబడు. లోయర్ ఆర్మ్ బుష్ (రబ్బరు కీలు) బోల్టులు బండి గాల్లో ఉండగా చివరి బిగింపు చెయ్యనివ్వకు. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి చిరుగుతుంది. అలైన్‌మెంట్ షీటులో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) ఒక్కటే చూసి పంపిస్తారు, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) అంకె కూడా అడుగు. ముందు లేపితే అది తగ్గుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. స్ప్రింగులు సర్దుకున్నాక ఇంకోసారి కొలిచి, ఆ కొలతతో మళ్ళీ అలైన్‌మెంట్ చేయించు.