కౌంటీ అప్పుతో సీనియర్ సెంటర్: కట్టుకోవాలా, వద్దా? (సియాటిల్ వాళ్లు చెప్పండి)

రెడ్మండ్_రవ్వదోస: మన తెలుగు సంఘం పెద్దవాళ్ల కోసం సెంటర్ కట్టడానికి కౌంటీ దగ్గర అప్పుకు అప్లై చేద్దామంటోంది. వడ్డీ లేదు, చెప్పిన పనికే వాడుతూ గడువు పూర్తిచేస్తే అసలూ మాఫీ. డబ్బు ఫెడరల్ వాళ్లది, 1974 నుంచి నడుస్తున్న సీడీబీజీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్). ఆదివారం మీటింగ్‌లో ఓటు.

గోంగూర_తాత: వస్తుంటే వద్దనడం దేనికి?

లెక్కల_పిచ్చి: తాతగారూ, ఊరికే ఎవరిస్తారండీ. స్థలం మీద కౌంటీ లీన్ పడుతుంది, అంటే తాకట్టు లాంటిదే. ముందు మనం ఖర్చుపెట్టి బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తారు. పర్యావరణ రివ్యూ అయ్యేదాకా స్థలం కొనకూడదు. కాంట్రాక్టు 2,000 డాలర్లు దాటితే డేవిస్-బేకన్ చట్టం ప్రకారం ఫెడరల్ వాళ్లు కట్టిన కూలి రేట్లే ఇవ్వాలి, అంటే తెలిసిన కాంట్రాక్టరుతో చవగ్గా కానిచ్చేద్దాం అనుకున్నవాళ్ల లెక్క మొత్తం తప్పుతుంది. పైగా వాషింగ్టన్ రాజ్యాంగం 8వ ఆర్టికల్ 7వ సెక్షన్ చదవండి. కౌంటీలు, సిటీలు ప్రైవేటు సంస్థలకు డబ్బు ఇవ్వకూడదు, అప్పుగా కూడా.

బాతెల్_భారతి: ఆ సెక్షన్ సగమే చదివారు. పేదల, అశక్తుల పోషణకు మినహాయింపు అందులోనే ఉంది. 2023లో సియాటిల్ ఓటర్లు 97 కోట్ల డాలర్ల హౌసింగ్ లెవీ (ఇళ్ల కోసం వేసే ఆస్తిపన్ను) పాస్ చేశారు, అందులో పెద్ద భాగం తక్కువ అద్దె ఇళ్లు కట్టే సంస్థలకు అప్పుగానే వెళ్తుంది.

లెక్కల_పిచ్చి: అవి పేదల ఇళ్లు. టెస్లాలో దిగే మనవాళ్లు పేదలా?

బాతెల్_భారతి: టెస్లా కొడుకుది. అమ్మానాన్నల చేతిలో ఏముంది? ఫార్మసీకి వెళ్లాలన్నా వీకెండ్ దాకా ఆగాలి. సీడీబీజీ రూల్స్‌లో వృద్ధులను తక్కువ ఆదాయం వాళ్లుగానే లెక్కేస్తారు.

గోంగూర_తాత: ఆ హాల్లో సత్యనారాయణ వ్రతం చేసుకోవచ్చా?

కోనసీమ_కుర్రాడు: పూజలకు వాడే భాగం కట్టడానికి ఆ డబ్బు పనికిరాదు తాతగారూ. వేరే గది మన డబ్బుతో కట్టుకోవాలి.

గోంగూర_తాత: మరి ఉగాది పంచాంగ శ్రవణం?

లెక్కల_పిచ్చి: చూశారా! రేపు పంచాంగం చదవాలన్నా కౌంటీ ఆఫీసులో ఎవర్నో అడగాలి. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే.

బాతెల్_భారతి: ఇది మీరు ఇప్పుడే మొదలుపెట్టారు. ఇందాకటి దాకా లీన్ అన్నారు, తర్వాత రాజ్యాంగం అన్నారు.

కోనసీమ_కుర్రాడు: పంచాంగం సంస్కృతి కిందకి వస్తుందేమో, అడిగితే పోయేదేముంది బ్రో.

బాతెల్_భారతి: అసలు సంగతి నేను చెప్తాను. పాత ఊళ్లో ఒక సంఘం హాలుకి మేమూ చందా ఇచ్చాం. మా అత్తగారి డెబ్భయ్యో పుట్టినరోజుకి అడిగితే, పెద్ద డోనర్ ఇంట్లో ఫంక్షన్ అని రెండుసార్లు తిప్పి పంపారు. లెక్కలు అడిగితే నన్ను గొడవలమారిని చేశారు. కౌంటీ డబ్బు తీసుకుంటే ఆ ఆటలు సాగవు. ఆడిట్ ఉంటుంది, వాకిలి అందరికీ తెరవాలి. గోడ మీద పేరున్నవాళ్లకి అదే కదా మీ బాధ?

లెక్కల_పిచ్చి: మాటలు జాగ్రత్తగా రానివ్వండి మేడమ్. నేనూ డోనర్నే, దాచుకోవడానికేం లేదు. ఎక్కడో ఎవరో చేసినదానికి నన్నెందుకంటారు? అందరికీ తెరవాలి అన్నారే, అదే నాకు పడదు. మా నాన్న ఇక్కడి పబ్లిక్ సీనియర్ సెంటర్‌కి వెళ్లాడు. బింగో ఆడమన్నారు, ఇంగ్లీషులో ఒక్క మాటా అర్థంకాక గోడపక్కన కూర్చుని వచ్చేశాడు. మళ్లీ వెళ్లనన్నాడు. ఆయన తెలుగులో నలుగురితో పేకాడుకునే చోటు కావాలి నాకు. అందరి బిల్డింగ్ అయితే ఇంకో సీనియర్ సెంటర్ అవుతుంది, అంతే.

బాతెల్_భారతి: ఈ మాట ముందే అనుంటే ఇంతదాకా వచ్చేది కాదు. అందరికీ తెరిస్తే తెలుగు మానేయాలని ఎవరన్నారు? వంట మనది, పేకాట మనది. పక్కింటి కొరియన్ తాతయ్య వచ్చి కూర్చుంటే ఏం పోయింది?

లెక్కల_పిచ్చి: మొదట్లో ఒక్కరే. తర్వాత టైమ్ స్లాట్లు.

బాతెల్_భారతి: పెట్టనివ్వండి. డోనర్ల స్లాట్ల కన్నా నయమే.

రెడ్మండ్_రవ్వదోస: అగ్రిమెంట్ డ్రాఫ్ట్ సభ్యులందరికీ పంపేదాకా ఓటు వాయిదా వేయమని కార్యదర్శికి మెయిల్ పెట్టాను. గది వాడకం గురించి అందులో ఏముందో చూడకుండా ఏం తేలుస్తాం?

లెక్కల_పిచ్చి: వాయిదా దేనికి? ఆదివారమే పెట్టండి. ఓడిపోతే ఓడిపోతాను, స్థలం మాత్రం తాకట్టు పెట్టనివ్వను.