టైటిల్ వన్ డబ్బు: పక్క బడికి వచ్చింది, మా బడికి ఎందుకు రాలేదు?

డీఎఫ్‌డబ్ల్యూ_పేరెంట్
అందరికీ నమస్కారం. మాది టెక్సస్‌లో డల్లాస్‌కి ఉత్తరాన ఒక మధ్యస్థ స్కూల్ డిస్ట్రిక్ట్. మా ఎలిమెంటరీకి రెండు మైళ్ల దూరంలోనే ఇంకో ఎలిమెంటరీ ఉంది. అక్కడ ఫ్రీ, రెడ్యూస్డ్ లంచ్ పిల్లలు (ఆదాయం తక్కువని భోజనం ఉచితంగా, లేదా తగ్గింపు ధరకి అందేవాళ్లు) 42 శాతం. పేద పిల్లలు ఎక్కువున్న బడులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టైటిల్ వన్ డబ్బుతో, చదవడంలో వెనకబడిన పిల్లల కోసం ఇద్దరు రీడింగ్ ఇంటర్వెన్షన్ టీచర్లను పెట్టుకున్నారు. మా బడిలో 33 శాతం, మాకు ఒక్క డాలరు కూడా లేదు. కమిటీ మీటింగ్‌లో అడిగితే "ఫెడరల్ రూల్" అని మాట దాటేస్తున్నారు. 33 శాతం ఉన్న బడికి ఇవ్వకూడదని నిజంగానే రూల్ ఉందా? లంచ్ ఫారాలు ఎక్కువ మంది నింపితే డబ్బు పెరుగుతుందా? పిల్లలు పెరుగుతుంటే డిస్ట్రిక్ట్‌కి వచ్చే మొత్తం ఈ ఏడు ఎలా తగ్గింది? తెలిసినవాళ్లు లెక్కతో సహా చెప్పగలరు.

గ్రాంట్స్_డెస్క్
ఇక్కడ రెండు వేర్వేరు లెక్కలున్నాయండీ. వాషింగ్టన్ నుంచి డిస్ట్రిక్ట్‌కి ఎంత రావాలన్నది ఒకటి, డిస్ట్రిక్ట్ నుంచి ఏ బడికి ఎంత వెళ్లాలన్నది ఇంకొకటి. పేదరికాన్ని రెండు చోట్లా ఒకే కొలతతో కొలవరు. గొడవంతా అక్కడే.

మొదటి లెక్కలో లంచ్ ఫారం ఊసే లేదు. సెన్సస్ బ్యూరో ఏటా డిసెంబర్‌లో ప్రతి డిస్ట్రిక్ట్ హద్దుల్లో 5 నుంచి 17 ఏళ్ల పేద పిల్లలు ఎందరో అంచనా వేసి ఇస్తుంది. దానికి ఫోస్టర్ కేర్ పిల్లలు, అనాథ లేదా బాల నేరస్థుల సంస్థల్లో ఉన్నవాళ్లు, మరికొందరు కలుస్తారు. వీళ్లనే ఫార్ములా పిల్లలు అంటారు. ఆ అంచనా ఎప్పుడూ పాతదే: 2024-25 బడి సంవత్సరం డబ్బుకి వాడింది 2022 ఆదాయాల అంచనా. మీ ఊళ్లో నిరుడు వెలిసిన అపార్ట్‌మెంట్లు అందులో కనిపించవు.

2024 ఆర్థిక సంవత్సరంలో కాంగ్రెస్ టైటిల్ వన్‌కి కేటాయించింది సుమారు 1,840 కోట్ల డాలర్లు. అది నాలుగు ఫార్ములాల గుండా కిందికి దిగుతుంది. బేసిక్ గ్రాంటు దాదాపు అందరికీ వస్తుంది. కనీసం 10 మంది ఫార్ములా పిల్లలుండి, అదే వయసు పిల్లల్లో వాళ్లు 2 శాతం దాటితే చాలు. కాన్సన్‌ట్రేషన్ గ్రాంటు రావాలంటే 15 శాతమైనా దాటాలి, 6,500 మందైనా దాటాలి. 14.9 శాతం దగ్గర ఆగిన డిస్ట్రిక్ట్‌కి కొత్తగా ఇది రాదు. మిగతావి టార్గెటెడ్, ఫైనాన్స్ ఇన్సెంటివ్. రెండింటికీ 5 శాతం చాలు, కానీ పేదరికం పెరిగేకొద్దీ లెక్కలో ఒక్కో పిల్లవాడికి ఇచ్చే బరువు (వెయిటేజీ) పెరుగుతుంది. టార్గెటెడ్‌లో ఆ బరువు నాలుగు రెట్ల దాకా వెళ్తుంది. బరువును శాతంతో ఒకసారి, సంఖ్యతో ఒకసారి కట్టి, ఏది లాభమైతే అది ఇస్తారు. పెద్ద నగరాలకు సంఖ్య కలిసొస్తుంది. శాతం ఎక్కువున్న చిన్న ఊళ్లకు ఇది అన్యాయమని నా ఉద్దేశం, చాలా ఏళ్లుగా నలుగుతున్న వాదన కూడా.

ఇక మీ మొత్తం ఎందుకు తగ్గిందంటే, నాలుగు కారణాల్లో ఏదైనా కావచ్చు. ఒకటి, ఇది వాటాల పంపకం. మీ దగ్గర పేద పిల్లలు తగ్గకపోయినా మిగతా చోట్ల ఎక్కువగా పెరిగితే మీ వాటా పలచబడుతుంది. రెండు, మొత్తం పిల్లలు పెరిగి పేద పిల్లలు పెరగకపోతే శాతం పడిపోతుంది, 15 శాతం గీతకి కిందికి జారితే కాన్సన్‌ట్రేషన్ గ్రాంటు తగ్గుతూ, నాలుగేళ్ల హామీ తీరాక చేజారుతుంది. మూడు, రాష్ట్రం తన చేతికొచ్చిన దాంట్లోంచి 7 శాతం వెనకబడిన బడుల బాగుకి పక్కన పెట్టాలి. నాలుగోది టెక్సస్‌లో పెద్దది: చార్టర్ స్కూళ్లు (ప్రభుత్వ డబ్బుతో విడి సంస్థలు నడిపే బడులు) విడి డిస్ట్రిక్టుల కింద లెక్క. వాటికి హద్దులుండవు కాబట్టి సెన్సస్ అంచనా ఉండదు. వాటి పిల్లలు ఏ డిస్ట్రిక్ట్ నుంచి వచ్చారో ఆ డిస్ట్రిక్ట్ సొమ్ములోంచి రాష్ట్రమే తీసి సర్దుతుంది. ఫెడరల్ శాఖ పెట్టే జాబితాలో ఒక అంకె, మీ బడ్జెట్‌లో ఇంకో అంకె కనబడేది అందుకే.

అయితే ఒక్కసారిగా పాతాళానికి పడకుండా కట్ట ఉంది. ఫార్ములా పిల్లలు 15 శాతం లోపుంటే నిరుటి సొమ్ములో 85 శాతం, 15 నుంచి 30 లోపు 90, 30 ఆ పైన 95 శాతం హామీ. ఈ హామీ ఒక్కో గ్రాంటుకి విడివిడిగా చూస్తారు.

లెక్కల_మాస్టారు
రెండో లెక్క నేను చెప్తాను. అంకెలు ఉదాహరణకే, మీ బడి శాతాలు మాత్రం మీరిచ్చినవే.

డిస్ట్రిక్ట్‌కి 15 లక్షల డాలర్లు వచ్చాయనుకోండి. డిస్ట్రిక్ట్ అంతటా లంచ్ లెక్కన పేద పిల్లలు 3,000. 35 శాతం పైనున్న బడులు ఐదు, వాటిలో లంచ్ లెక్కన పేద పిల్లలు 1,900. ఆ బడుల పరిధిలో నివసిస్తూ ప్రైవేటు బడికి వెళ్లే పేద పిల్లలు 100 మంది. అంటే 2,000లో 100, 5 శాతం. ఏ కోతలకూ ముందే ఆ 75,000 ప్రైవేటు బడి పిల్లల సేవలకు పక్కకి వెళ్తుంది. మిగిలిన 14,25,000లో ఇల్లు లేని పిల్లల కోసం, ఆఫీసు ఖర్చులకు, సమ్మర్ స్కూల్ లాంటి వాటికి 2,85,000 తీశారనుకుందాం. 5 లక్షలు మించి వచ్చే డిస్ట్రిక్ట్ తల్లిదండ్రుల భాగస్వామ్యానికి కనీసం 1 శాతం తీయాలి, అందులో 90 శాతం తిరిగి బడులకే చేరాలి. బడులకు మిగిలింది 11,40,000. భాగించు 1,900. తలకి 600.

పక్క బడిలో 715 మందిలో 300 మంది పేద పిల్లలుంటే 42 శాతం. 300 × 600 = 1,80,000. ఇద్దరు టీచర్ల జీతభత్యాలు అందులోంచి వస్తాయి.

ఇప్పుడు మీ బడి. 660 మందిలో 218, అంటే 33 శాతం. ఇవ్వకూడదని రూల్ లేదు. డిస్ట్రిక్ట్ సగటుకి సమానంగా గానీ పైన గానీ ఉన్న బడి అర్హమే, మీ సగటు 24 ఉంటే 33 దాటినట్టే. కానీ 35 శాతం లోపున్న ఒక్క బడిని చేర్చినా 125 శాతం రూల్ మీద పడుతుంది: మొత్తం సొమ్మును డిస్ట్రిక్ట్ అంతటా లంచ్ లెక్కన ఉన్న పేద పిల్లలతో భాగించి (15,00,000 / 3,000 = 500) దానికి 125 శాతం, అంటే తలకి కనీసం 625 ఇవ్వాలి. మీ ఒక్క బడికే కాదు, డబ్బు అందుకునే అన్ని బడులకూ. 1,900 + 218 = 2,118 మంది. 2,118 × 625 = 13,23,750. బడుల కోసం చేతిలో ఉన్నది 11,40,000. అదండీ మీ కమిటీవాళ్లు "ఫెడరల్ రూల్" అన్నదాని అసలు కథ. మొత్తం 1,000 మంది పిల్లల్లోపు ఉండే చిన్న డిస్ట్రిక్టులకు, బడులను పేదరికం శాతాన్ని బట్టి వరసగా ర్యాంకు కట్టే ఈ నియమాలు వర్తించవు.

ర్యాంకు కట్టేటప్పుడు 75 శాతం దాటిన బడులన్నిటినీ, అవి ఎలిమెంటరీ అయినా హైస్కూల్ అయినా, ముందు చూడాలి. హైస్కూళ్లకు ఆ గీతని 50కి దించే వెసులుబాటు డిస్ట్రిక్ట్‌కి ఉంది. ఆ తర్వాతే మిగతావి. పై ర్యాంకు బడి కన్నా కింది బడికి తలకి ఎక్కువ ఇవ్వడం కుదరదు.

కాబట్టి లంచ్ ఫారాల వల్ల డిస్ట్రిక్ట్‌కి వచ్చే మొత్తం పెరగదు. మీ బడి 33 నుంచి 35 దాటుతుంది, అంతే. 660లో 231 మంది కావాలి, మీకు 13 మంది తక్కువ. అదే మొత్తాన్ని ఆరు బడులు పంచుకుంటాయి కనక పక్క బడికి తలకి 600 కాస్తా 535 దాకా వస్తుంది.

డీఎఫ్‌డబ్ల్యూ_పేరెంట్
మాస్టారూ, కళ్లు తెరిపించారు. 13 మంది అంటే అసాధ్యమేం కాదు. మా దగ్గర హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఒకే జీతంతో నలుగురైదుగురు బతికే కుటుంబాలు కొన్ని ఉన్నాయి, ఫారం నింపితే వీసాకి ఇబ్బందని మానేస్తున్నారు.

గ్రాంట్స్_డెస్క్
లంచ్ ఫారంలో వీసా ప్రశ్నే ఉండదు. ఆదాయం ఫెడరల్ పేదరికపు గీతకి 130 శాతం లోపుంటే ఫ్రీ, 185 లోపుంటే రెడ్యూస్డ్. ఇంట్లో తలకాయలు ఎన్ని ఉంటే గీత అంత పైకి జరుగుతుంది. కలిసి ఉంటున్న అమ్మమ్మా తాతయ్యలని కూడా లెక్కలో వేయాలి, వాళ్ల ఆదాయం ఏమైనా ఉంటే అదీ రాయాలి.

ఒక చిక్కు. బడి అందరికీ ఉచిత భోజనం పెట్టే సీఈపీ పథకంలోకి వెళ్తే ఫారాలు ఆగిపోతాయి. అప్పుడు స్నాప్ (ఫుడ్ స్టాంపులు) లాంటి పథకాల జాబితాలతో నేరుగా సరిపోల్చిన పిల్లలని 1.6తో గుణించి శాతం కడతారు. వీసా మీదున్నవాళ్లకు స్నాప్ రాదు కాబట్టి వాళ్ల పిల్లలు ఆ జాబితాలో సాధారణంగా ఉండరు. మనవాళ్లు ఎక్కువున్న బడికి సీఈపీతో శాతం పడిపోయే ప్రమాదం ఉంది. 2023 అక్టోబర్ నుంచి సీఈపీ అర్హత గీత 40 నుంచి 25 శాతానికి దిగింది కనక చాలా బడులు ఇప్పుడు ఆలోచిస్తున్నాయి. మీ డిస్ట్రిక్ట్ అటు వెళ్లేముందు ఏ కొలత వాడతారో అడగండి.

స్పెడ్_సైడ్
పక్క విషయం, తరచూ కలగాపులగం చేస్తారు కాబట్టి. ఐఈపీ (వైకల్యం ఉన్న పిల్లలకు విడిగా రాసే చదువు ప్లాను) ఉన్న పిల్లల కోసం ఐడియా అనే ఫెడరల్ చట్టం కింద వచ్చే డబ్బు ఎంతమంది పిల్లలకు ఐఈపీ ఉందో దాన్ని బట్టి పెరగదు. 1999 నాటి స్థిర మొత్తం పోను, మిగిలింది 85 శాతం పిల్లల మొత్తం సంఖ్య మీద, 15 శాతం పేదరికం మీద పంచుతారు. తలలు లెక్కపెట్టి డబ్బిస్తే అవసరం లేనివాళ్లకీ ముద్ర వేస్తారని 1997లో మార్చారు. ఒక్కో పిల్లవాడి మీద దేశ సగటు ఖర్చులో 40 శాతం దాకా ఫెడరల్ ఇస్తుందని 1975లో చట్టం ఆశపెట్టింది, మామూలు బడ్జెట్లలో అందులో సగం కూడా రాలేదు.

ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల కోసం వచ్చే టైటిల్ త్రీ సంగతీ అంతే. చేరేటప్పుడు ఇంటి భాష తెలుగు అని రాస్తే పిల్లకి ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, పాస్ కాకపోతే ఇంగ్లిష్ లర్నర్ కింద పడుతుంది. దీని మీద వచ్చే ఫెడరల్ డబ్బు దేశం మొత్తం మీద సగటున తలకి 200 డాలర్ల లోపే. బడికి డబ్బొస్తుందనీ, పిల్లకి ముద్ర పడుతుందనీ భాష మార్చి రాయకండి. ఉన్నదున్నట్టు రాసి, సేవలు వద్దనుకుంటే రాతపూర్వకంగా చెప్పవచ్చు. అయినా ఏటా పరీక్ష మాత్రం తప్పదు.

2025 జూలై 1న రావాల్సిన టైటిల్ టూ, త్రీ, ఫోర్ లాంటి ఇతర ఫెడరల్ విద్యా పద్దుల సొమ్ము, దాదాపు 680 కోట్ల డాలర్లు, కేంద్రం ఆపి ఆ నెలాఖరుకి వదిలింది. మనం మాట్లాడుకుంటున్న టైటిల్ వన్ గ్రాంట్లు, ఐడియా అందులో లేవు. ఆ వార్త చదివి టైటిల్ వన్ ఆగిపోయిందనుకున్నవాళ్లు చాలామంది.

గ్రాంట్స్_డెస్క్
డబ్బు వచ్చాక బోర్లాపడేది ఖర్చు దగ్గర. 40 శాతం దాటిన బడి స్కూల్‌వైడ్ ప్లాను రాసుకుని పిల్లలందరి మీదా ఖర్చు పెట్టొచ్చు. మీది 35 దాటినా 40 లోపే, కాబట్టి రాష్ట్రం మినహాయింపు ఇస్తే తప్ప టార్గెటెడ్ పద్ధతే (పైన చెప్పిన టార్గెటెడ్ గ్రాంటు వేరు): వెనకబడిన పిల్లల జాబితా కట్టి, వాళ్ల మీదే ఖర్చు. ఆ టీచర్ని లంచ్ డ్యూటీకి అందరికన్నా ఎక్కువసేపు నిలబెడితే ఆడిట్‌లో జీతం వెనక్కి కట్టమంటారు. పైగా డిస్ట్రిక్ట్ ముందు ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలి. 50,000 పైన వచ్చే డిస్ట్రిక్ట్ మొదటి ఏడాది దాటాక 15 శాతం కన్నా ఎక్కువ ముందుకు లాక్కెళ్లకూడదు. ఆఖరి వారంలో ట్యాబ్‌లెట్ల ఆర్డర్లు చూస్తుంటారే, దీని మహిమే.

మీరు మీటింగ్‌లో అడగాల్సింది బడుల ర్యాంకు పట్టిక. ప్రతి బడి ఎదురుగా చేరిన పిల్లలు, పేద పిల్లలు, శాతం, తలకి ఎంత అని నాలుగు అంకెలు ఉంటాయి. టెక్సస్‌లో చాలా డిస్ట్రిక్టులు అక్టోబర్ ఆఖరి శుక్రవారం నాటి స్నాప్‌షాట్ లెక్కే వాడతాయి, కాబట్టి ఆ 13 ఫారాలూ సెప్టెంబర్‌లోనే ఆఫీసుకి చేరాలి. నవంబర్‌లో ఇస్తే పిల్లకి భోజనం దొరుకుతుంది గానీ ర్యాంకులో ఆ ఏడాదికి లెక్కకి రాదు.